యెదీ, ఏడూ చుట్టాలేనా? అంకెల పేర్ల పుట్టుక మీరే తవ్వి చూసుకోవడం ఎలా

బెర్లిన్‌లో మా ఇంటి దగ్గర టర్కీ వాళ్ళ కూరగాయల కొట్టు ఒకటుంది, వంకాయలూ పచ్చిమిర్చీ కొత్తిమీరా అన్నీ అక్కడే కొంటా. కొట్టాయన్ని అబీ అని పిలుస్తా, టర్కిష్‌లో అబీ అంటే మన అన్నా లాంటిదే. ఒకరోజు నా ముందున్న పెద్దావిడకి టమాటాల సంచి అందిస్తూ "యెది" అన్నాడు, ఆవిడ ఏడు యూరోలు లెక్కపెట్టి చేతిలో పెట్టింది. నాకు ఒక్కసారి చెవులు నిక్కబొడుచుకున్నాయి. యెది ఏంటి, ఇది మన ఏడు కదా! ఇంటికొచ్చేలోపు బుర్రలో పెద్ద కథే అల్లేశా, మనవాళ్ళు ఎప్పుడో పడవలేసుకుని అటెళ్ళారనీ, కాదు వాళ్ళే ఇటొచ్చారనీ. రాత్రి ఫ్యామిలీ గ్రూపులో పెడితే మా బాబాయ్ వెంటనే "నేను ముందే చెప్పా కదరా, అన్ని భాషలకీ తెలుగే తల్లి" అని మూడు దణ్ణాల బొమ్మలు పెట్టాడు.

ఆ కథ తప్పు. కానీ ఎందుకు తప్పు అని నన్ను నేను అడుక్కుని తవ్వుకుంటూ పోతే, అసలు కథ నేను అల్లిందానికంటే పదింతలు మజాగా ఉంది. ఆ తవ్వకం ఎలా చెయ్యాలో చెప్తా, డిగ్రీలేం అక్కర్లేదు, ఒక నోట్‌బుక్కూ కాస్త ఓపికా చాలు.

ముందు చెయ్యాల్సింది, దొరికిన ఒక్క మాట పట్టుకుని వేలాడకుండా ఒకటి నుంచి పది వరకూ వరస మొత్తం రాసుకోవడం. టర్కిష్ వరస ఇది:

బిర్, ఇకి, ఊచ్, దోర్త్, బెష్, అల్తి, యెది, సెకిజ్, దొకుజ్, ఒన్.

(సెకిజ్ దొకుజ్‌ల చివర జ మన జల్లెడలో జ కాదు, ఇంకా సన్నగా జుమ్మని తుమ్మెదలా పలకాలి, ఆ అక్షరం మనకి లేదు కాబట్టి సర్దుకోండి.)

ఇప్పుడు పక్కన ఒకటి రెండు మూడు నాలుగు అని మనవి రాయండి. ఏడు దగ్గర తప్ప ఎక్కడైనా అతుకుతోందా? అదే మన వరస పక్కన తమిళం పెట్టండి, రెండు-ఇరండు, మూడు-మూన్ఱు, నాలుగు-నాంగు, ఐదు-ఐందు, ఆరు-ఆఱు, ఇలా వరసంతా చెయ్యి పట్టుకుని నడుస్తున్నట్టు వస్తాయి. చుట్టరికం అంటే అలా ఉంటుంది. అన్నదమ్ముల పిల్లల్లో ఒక్కడి ముక్కు మాత్రమే కలవదు కదా, నడకా నవ్వూ కోపం అన్నీ కొంచెం కొంచెం కలుస్తాయి. ఈ లెక్క మనకి కొత్తదేం కాదు, 1816లోనే మద్రాసులో ఎల్లిస్ దొరగారు తెలుగు సంస్కృతం నుంచి పుట్టింది కాదు, తమిళ కన్నడాలతో కలిసిన వేరే కుటుంబం అని చూపించాడు, అది కూడా ఒక తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలోనే.

ఇంకో సంగతి, పది చిన్న చిన్న మాటలు, అందులో వాడే శబ్దాలు ఓ పాతికో ముప్పయ్యో. ఏ రెండు భాషలు తీసుకున్నా ఒకటో రెండో ఊరికే కలిసిపోతాయి. కలవకపోతేనే ఆశ్చర్యపోవాలి.

రెండో పని, ఇదే నాకు ఇష్టమైంది: మాటని వెనక్కి నడిపించండి. ఇప్పుడు ఎలా ఉందో వదిలేసి పాత రూపం ఏంటో చూడండి. యెది సంగతే చూద్దాం. మంగోలియాలో ఓర్ఖోన్ నది దగ్గర కుల్ తెగిన్ అనే రాకుమారుడి పేరు మీద 732లో నిలబెట్టిన పెద్ద రాతి శాసనం ఉంది, టర్కుల భాషలో మనకి దొరికిన పాత రాతల్లో ముఖ్యమైంది. ఆ లిపి శతాబ్దాలపాటు ఎవరికీ అర్థం కాలేదు, 1893లో విల్హెల్మ్ థామ్సెన్ అనే డెన్మార్క్ ఆయన కూర్చుని విప్పాడు. అందులో ఏడు యెది కాదు, యెతి (యితి అని కూడా చదువుతారు). త తర్వాత్తర్వాత టర్కీ వైపు ద అయింది. ఒక్క ఈ మాటలోనే కాదు, పాత తోర్త్ ఇప్పుడు దోర్త్, పాత తొకుజ్ ఇప్పుడు దొకుజ్, నాలుకకి పాత తిల్ ఇప్పుడు దిల్. కజక్‌లో ఈ రోజుకీ తోర్త్, తొగిజ్, తిల్ అనే అంటారు, వాళ్ళ ఏడు జెతి.

ఇప్పుడు మన ఏడుని వెనక్కి నడిపించండి. తమిళం మలయాళాల్లో ఏఴు, కన్నడలో ఏళు. ఆ ఴ అక్షరం (తమిళ్ అనే పేరు చివర తమిళం వాళ్ళు పలికే శబ్దం) మన పాత శాసనాల్లో కూడా ఉండేది, తర్వాత మాయమైంది, చాలా చోట్ల దాని బదులు డ వచ్చి కూర్చుంది. తమిళం వాళ్ళ కోఴి మన కోడి, నాగలి పట్టుకునే మేఴి మన మేడి, ఏఴు మన ఏడు. అంటే మన డ ఒకప్పుడు ఴ, టర్కీ వాళ్ళ ద ఒకప్పుడు త. వెనక్కి వెళ్ళేకొద్దీ రెండు మాటలూ దగ్గరవ్వాలి కదా చుట్టాలైతే? ఇవి దూరమవుతున్నాయి! ఎటు నుంచో వచ్చిన ఇద్దరు బస్టాండులో ఒకే రంగు చొక్కాతో పక్కపక్కన నిలబడ్డారంతే. ఇది బాబాయ్‌కి చెప్తే "నువ్వు జర్మనీ వెళ్ళి మారిపోయావురా" అన్నాడు.

ఇక్కడ ఏడు మీద ఇంకోటి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. సైబీరియాలో సాఖా అనే భాష ఉంది, యాకుత్ అని కూడా అంటారు, అది టర్కిష్‌కి దూరపు చెల్లెలు. వాళ్ళ ఏడు "సెత్తె". ఇటలీ వాళ్ళ ఏడు కూడా "సెత్తె"! అచ్చంగా అదే మాట, అదే అంకె, మధ్యలో వేల కిలోమీటర్లు. ఒకటో మాట ఎలా వచ్చిందో చూడండి, టర్కిష్‌లో య ఉన్నచోట సాఖాలో స వస్తుంది: టర్కిష్ యూజ్ (నూరు) అక్కడ సూస్, యిల్ (ఏడాది) అక్కడ సిల్, యెర్ (నేల) అక్కడ సిర్. కాబట్టి యెది అక్కడ సెత్తె. ఇక ఇటలీది లాటిన్ సెప్తెం నుంచి వచ్చింది, మన సప్తకి తోబుట్టువు. ఇటలీ వాళ్ళు కష్టమైన జంట హల్లుల్ని ఒత్తు చేసేస్తారు, లాటిన్ ఓక్తో వాళ్ళకి ఒత్తో, నోక్తెం (రాత్రి) నొత్తె. మన భక్తి బత్తి అయినట్టే, సప్త ప్రాకృతంలో సత్త అయి హిందీలో సాత్ అయినట్టే. అంటే ఒక సెత్తె యెదికి అక్క, ఇంకో సెత్తె సప్తకి చెల్లి, రెంటికీ ఒకదాని మొహం ఒకటి తెలీదు. అల్బేనియా వాళ్ళ ఐదు "పెస", టర్కీ వాళ్ళ ఐదు "బెష్", అదీ ఇదే బాపతు.

పైన నేను చేసింది గమనించారా, ప్రతిసారీ ఒక్క మాట చూపించి ఆగలేదు, అదే మార్పు ఇంకో రెండు మూడు మాటల్లో కూడా జరిగిందని చూపించా. మూడో పని అదే. మార్పు ఏదైనా కావచ్చు, ఎంత వింతగానైనా ఉండొచ్చు, కానీ మళ్ళీ మళ్ళీ జరగాలి. అంకెలు దాటి ఇంట్లో మాటల్లో, ఒంటి మీద మాటల్లో కూడా కనపడాలి. మనకి బాగా దగ్గరి ఉదాహరణ సంస్కృతం పంచ, దానికి యూరప్ భాషల్లో చాలామంది చుట్టాలున్నారు. గ్రీకులో పెంతె, లిథువేనియాలో పెంకి, రష్యాలో ప్యాత్. ఇంగ్లీషుకి వచ్చేసరికి ఫైవ్, జర్మన్‌లో ఫ్యున్ఫ్. ప ఎగిరిపోయి ఫ ఎలా వచ్చింది? పాదం ఫుట్ అయింది, పితృ ఫాదర్ అయింది, అలాగే. దశ టెన్ అయింది, దంతం టూత్ అయింది, ద్వి టూ అయింది. ఇంకా మజా కావాలంటే శతం. లాటిన్‌లో అది కెంతుం, ఇంగ్లీషులో హండ్రెడ్. శ, క, హ, మూడూ మూడు దారులు. నమ్మబుద్ధి కాకపోతే శ్వానం-హౌండ్ చూడండి, శృంగం-హార్న్ చూడండి. కొమ్ముకి లాటిన్ మాట కోర్ను, మళ్ళీ అదే శ-క-హ. స్కూల్లో ఈ ముక్క ఎవరైనా చెప్పుంటే నేను సంస్కృతం స్పెషల్ ఇంగ్లీషు అంటే అంత ఏడ్చేవాణ్ణి కాదేమో.

వింత ఎంత దూరం పోతుందంటే, ఆర్మేనియా భాషలో రెండు "ఎర్కు". ఇది మన ద్వికి సొంత చుట్టం అంటే ఎవరు నమ్ముతారు? ఒక్క శబ్దం కూడా కలవట్లేదు. కానీ ఆ భాషలో పాత 'ద్వ' మొదట్లో ఉన్నచోటల్లా 'ఎర్క్' వస్తుందని ఫ్రెంచ్ భాషావేత్త ఆంత్వాన్ మెయ్యె చూపించాడు, పొడుగు అనే మాటలోనూ అంతే, భయం అనే మాటలోనూ అంతే. సో అచ్చుగుద్దినట్టు ఉన్న యెది-ఏడు పరాయివాళ్ళు, ఏ పోలికా లేని ఎర్కు-ద్వి రక్తసంబంధం. నేను ఫ్రెండ్స్‌కి ఎప్పుడు చెప్పినా ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెప్తా, ఇంక వేరే వివరణ అక్కర్లేదు.

టర్కిష్ వైపు ఇలాంటి పని చెయ్యాలంటే పట్టుకోవాల్సిన భాష చువాష్, రష్యాలో వోల్గా నది వైపు మాట్లాడతారు. టర్కిక్ కుటుంబంలో మిగతా వాళ్ళందరి నుంచీ ముందే వేరు కాపురం పెట్టింది ఇదే. దాని వరస టర్కిష్ పక్కన పెట్టి చూడండి, రెండు ఇక్కె, అది కలిసింది. ఎనిమిది సక్కర్, తొమ్మిది తఖ్ఖర్. టర్కిష్‌లో సెకిజ్, దొకుజ్. అంటే చివర జ ఉన్నచోట ర! ముప్పై టర్కిష్‌లో ఒతుజ్, చువాష్‌లో వతర్. నూరు యూజ్, అక్కడ శెర్. అంకెలు వదిలేసి బయటికి రండి, ఎద్దు ఓకుజ్, అక్కడ వకర్. సరే మరి ఐదు? బెష్‌కి అక్కడ పిల్లెక్. ష ఉన్నచోట ల. రాయి తాష్, అక్కడ చుల్. చలికాలం కిష్, అక్కడ ఖెల్. ఇలా నాలుగైదు జతలు దొరికాక మనసులో తాళం పడ్డ చప్పుడు వినిపిస్తుంది చూడండి, ఆ చప్పుడు కోసమే ఈ పనంతా.

ఈ జ-ర సంగతి తెలిస్తే ఇంకో బోనస్ దొరుకుతుంది. హంగరీ భాష టర్కిష్ కుటుంబం కాదు, దాని రెండు "కెత్తో", మూడు "హారొమ్", నాలుగు "నేజ్" లాంటి మాట, అవి ఫిన్లాండ్ వాళ్ళ కక్సి, కోల్మె, నెల్యలకి చుట్టాలు (కోల్మెలో క హారొమ్‌లో హ అయింది, చేప కూడా అక్కడ కాల, ఇక్కడ హాల్). కానీ హంగరీలో కవలల్ని "ఇకెర్" అంటారు. టర్కిష్‌లో కవలలు "ఇకిజ్", ఇకి అంటే రెండు కదా దాంట్లోంచి. ఇకిజ్ చివర జ పోయి ర వచ్చిందంటే హంగరీ వాళ్ళకి ఈ మాట అప్పిచ్చింది ఎవరు? చువాష్ లాంటి భాష మాట్లాడే పాత టర్కులు. ఎద్దు కూడా హంగరీలో ఓకొర్. ఎప్పుడో కలిసి బతికినప్పుడు పశువులూ కవలలూ చేతులు మారిపోయాయి, అంకె మాత్రం ఎవరిది వాళ్ళ దగ్గరే ఉండిపోయింది.

దీంతో నాలుగో పనిలోకి వచ్చేశాం: పుట్టిన మాటేది, తెచ్చుకున్న మాటేది అని వేరు చెయ్యడం. ఒకటి నుంచి పది అంత తొందరగా మారవు కానీ, పెద్ద అంకెలు, సగం పావు లాంటివి, ఆటల్లో వాడేవి, వారాల పేర్లు, ఇవి తెగ తిరుగుతాయి. మనం మాత్రం? పాలవాడితో ఇరవై అంటాం, ఫోన్ నంబర్ మాత్రం మా నాన్న కూడా నైన్ ఎయిట్ డబుల్ ఫోర్ అనే చెప్తాడు.

అబీ కొట్టు వెనక చిన్న బల్ల ఉంటుంది, గిరాకీ లేనప్పుడు తావ్లా ఆడతారు, అదే పాచికలతో ఆడే బ్యాక్‌గామన్. ఒక శనివారం నేను టీ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడ్డా. పాచికలు దొర్లాయి, అబీ ఫ్రెండ్ గట్టిగా "పెంచు యెక్!" అన్నాడు. చూస్తే ఐదూ ఒకటీ. ఇంకోసారి "జిహారు సె", నాలుగూ మూడూ. నేను వెంటనే లెక్కేసుకున్నా, యెక్ మన ఏక, పెంచ్ మన పంచ, జిహార్ మన చతుర్! టర్కిష్ మాట్లాడే ఇద్దరు పాచికలు పడగానే టర్కిష్ అంకెలు వదిలేసి పార్సీ అంకెలు చెప్తున్నారు: యెక్, దు, సె, జిహార్, పెంచ్, షెష్. ఆటతో పాటు అంకెలు కూడా ఇరాన్ నుంచి వచ్చేశాయన్నమాట. అన్నింటికంటే నాకు నచ్చింది ఆరూ ఐదూ పడితే చెప్పేది, "షెష్ బెష్". షెష్ పార్సీ, బెష్ టర్కిష్, ప్రాస కుదిరిందని కాబోలు అలా కలిపి కట్టేశారు. రెండు ఆర్లు పడితే దుషెష్, అనుకోకుండా అదృష్టం తగిలినా ఇదే మాట వాడతారు. కళ్ళు సరిగా కనపడనివాణ్ణి "షెష్‌ని బెష్ అని చూస్తాడు" అని ఏడిపిస్తారు. నేను అబీకి "మీ పెంచ్ మా పంచ ఒకటే" అని చెప్తే అనుమానంగా చూసి "మరి బెష్?" అన్నాడు. అది నీదే అబీ, దానికీ మాకూ సంబంధం లేదు అన్నా.

పార్సీ నాలుగు టర్కిష్‌లో ఎక్కడెక్కడ దాక్కుందో వెతకడం మంచి ఆట. పావుకి చెయ్‌రెక్, అంటే నాలుగులో ఒకటి. బుధవారం చార్షంబ, నాలుగో రోజు. బజారుకి చార్షి, నాలుగు వైపులు అనే పార్సీ మాటలోంచి. చదరంగం సత్రంచ్, అది మన చతురంగమే, సంస్కృతం నుంచి పార్సీ అరబీ మీదుగా అక్కడికి చేరింది. హైదరాబాద్ వాళ్ళకి ఇదంతా చెప్పక్కర్లేదు, చార్మినార్‌లో చార్, చార్‌కమాన్‌లో చార్, ఇస్తాంబుల్ చార్షిలో చార్ అన్నీ ఒక తల్లి పిల్లలే. అలాగే వారానికి టర్కిష్ మాట "హఫ్తా". ఏడుకి పార్సీ మాట హఫ్త్, స ఉన్నచోట పార్సీలో హ వస్తుంది కాబట్టి సప్త హఫ్త్ అయింది, సింధు హింద్ అయినట్టే. మన సినిమాల్లో రౌడీ వసూలు చేసే హఫ్తా కూడా అదే. చూడండి మన దగ్గర ఏడు ఉంది, సప్తాహం ఉంది, హఫ్తా ఉంది, మూడూ ఏడే, మూడు ఊళ్ళ నుంచి వచ్చాయి. టర్కీ వాళ్ళకి యెది ఉంది, హఫ్తా ఉంది.

అప్పు మాటలు దారి చూపిస్తాయి కూడా. యూరప్‌లో జిప్సీలని పిలిచే రోమా వాళ్ళ భాష తీసుకోండి: యేఖ్, దుయ్, త్రిన్, ష్టార్, పంజ్, షోవ్... ఇక్కడి దాకా మనకి హిందీ విన్నట్టే ఉంటుంది. ఆ తర్వాత ఎఫ్తా, ఓఖ్తో, ఎన్యా. ఇవి గ్రీకు! మళ్ళీ పది దేష్, మనదే. అంటే ఇండియా నుంచి బయల్దేరిన జనం గ్రీకు మాట్లాడే బైజాంటియన్ రాజ్యంలో, అంటే ఇప్పటి టర్కీ నేల మీదే, చాలాకాలం ఉన్నారని ఆ మూడు అంకెలే సాక్ష్యం చెప్తున్నాయి. పాస్‌పోర్ట్ మీద ముద్రల్లాగా. ఫిన్లాండ్ వాళ్ళ నూరు "సాత", మన శతమే, ఇరానీ-ఇండియా వైపు భాషలు మాట్లాడేవాళ్ళ నుంచి ఎప్పుడో వేల ఏళ్ళ కింద తీసుకున్నారు. హంగరీ వాళ్ళ వెయ్యి "ఎజెర్", అది పార్సీ హజార్ వైపు నుంచి, హజార్ ఏమో మన సహస్రకి తోబుట్టువు.

సున్నా కథ అందరికీ తెలుసు కానీ చివరి మలుపు తెలీదు. శూన్యం అనే మాటని అరబ్బులు అనువాదం చేసుకుని సిఫ్ర్ అన్నారు, ఖాళీ అని. దాన్ని 1202లో ఇటలీ లెక్కల పండితుడు ఫిబొనాచ్చి లాటిన్‌లో జెఫిరుం అని రాశాడు, అది ఇటలీలో నలిగి జీరో అయింది. అదే సిఫ్ర్ ఫ్రెంచ్‌లో షిఫ్ర్ అయి అంకె అనీ, రహస్య రాత అనీ అర్థాలు తెచ్చుకుంది. టర్కీ వాళ్ళు సున్నాకి అరబీ నుంచి నేరుగా సిఫిర్ తీసుకున్నారు, తర్వాత ఫ్రెంచ్ నుంచి షిఫ్రె తీసుకున్నారు, పాస్‌వర్డ్ అనే అర్థంలో. కాబట్టి ఇస్తాంబుల్ ఏటీఎంలో షిఫ్రె కొట్టండి అని కనపడితే అది సున్నాకి వరసకి అన్న. మిల్యోన్, మిల్యార్ కూడా ఫ్రెంచ్ సరుకే, డజనుకి వాళ్ళు వాడే దుజినె ఇటలీ సరుకు.

ఐదో పని పదుల్ని విప్పడం. పదకొండు నుంచి వంద దాకా చాలా మాటల్లో కూడికో తీసివేతో గుణకారమో దాక్కుని ఉంటుంది. టర్కిష్ ఎనభై "సెక్సెన్" అంటే సెకిజ్ ఒన్, ఎనిమిది పదులు, తొంభై "దొక్సన్" అంటే దొకుజ్ ఒన్. ఇవి ఈజీ. అరవై డెబ్బైలు అల్త్‌మిష్, యెత్మిష్, అందులో ఆరూ ఏడూ కనపడుతూనే ఉన్నాయి. కానీ ఇరవై యిర్మి, ముప్పై ఒతుజ్, నలభై కిర్క్, యాభై ఎల్లి, వీటిలో రెండూ మూడూ నాలుగూ ఐదూ ఎక్కడా కనపడవు. ఇలాంటి చోట చాలామంది తొందరపడి కథ అల్లుతారు, ఎల్ అంటే చెయ్యి, చేతికి ఐదు వేళ్ళు, కాబట్టి ఎల్లి యాభై అని. వినడానికి ఎంత బావుందో! కానీ అలాంటి మార్పు ఇంకో మాటలో చూపించమనండి, నోరు మూతపడుతుంది. కిర్క్‌కి మాత్రం టర్కీలో చాలా మర్యాద ఉంది, అంకెగా కంటే "బోలెడు" అనే అర్థంలో. మన వెయ్యికాళ్ళ జెర్రి వాళ్ళకి కిర్కాయక్, నలభై కాళ్ళది, తొమ్మిదొందల అరవై కాళ్ళు ఎక్కడ పోయాయో మరి. ఒక కప్పు కాఫీ తాగిస్తే నలభై ఏళ్ళు గుర్తుంటుంది అని సామెత, అబీ నాకు టీ ఇచ్చినప్పుడల్లా ఇదే చెప్తాడు, అది కాఫీకి కదా అంటే వినడు.

పాత టర్కుల లెక్క ఇంకా వింత. పైన చెప్పిన శాసనంలోనే కుల్ తెగిన్ చనిపోయిన తేదీ "యితి యెగిర్మి". మాటకి మాట చూస్తే ఏడు ఇరవై. ఇరవై ఏడు అనుకుంటారా, కాదు, పదిహేడు! ఇరవై వైపు నడుస్తూ ఏడో అడుగు అని దాని లెక్క. శాసనం పూర్తయిన తేదీ ఏడో నెల "యితి ఒతుజ్", ముప్పై వైపు ఏడో అడుగు, అంటే ఇరవై ఏడు. దాటొచ్చిన పదిని కాదు, ఎదురుగా ఉన్న పదిని చూసి లెక్కపెట్టేవాళ్ళు. చైనాలో గాన్సు వైపు పశ్చిమ యుగుర్ అనే చిన్న భాషలో ఈ పద్ధతి మొన్నమొన్నటి దాకా బతికే ఉంది. ఇది టర్కులకే పట్టిన పిచ్చి అనుకోకండి, ఫిన్లాండ్‌లో పదకొండు "యుక్సితోయిస్త", రెండో పదిలో ఒకటి అని. డెన్మార్క్ వాళ్ళయితే యాభైని "హల్‌త్రెస్" అంటారు, దాని నిండు రూపం విప్పితే "మూడోది సగమైన ఇరవైలు", అంటే రెండున్నర ఇరవైలు, యాభై. తొంభై అంటే ఐదోది సగమైన ఇరవైలు, నాలుగున్నర ఇంటూ ఇరవై. చిల్లర కోసం కొట్టుకెళ్ళి ఇంత లెక్క వేస్తారా అంటే వెయ్యరు, వాళ్ళకది ఒట్టి శబ్దం, మనకి పదకొండులో పది విడిగా వినపడనట్టే.

ఇరవైల లెక్క ఫ్రెంచ్‌లోనూ ఉంది, ఎనభై అంటే నాలుగు ఇరవైలు, పారిస్‌లో పదిహేను-ఇరవైలు అనే పేరుతో పాత కళ్ళాసుపత్రి కూడా ఉంది, మొదట్లో మూడొందల మంది అంధుల కోసం కట్టింది కాబట్టి. పక్కనే బెల్జియం, స్విట్జర్లాండ్ ఫ్రెంచ్ వాళ్ళు డెబ్బైకి సెప్టాంట్, తొంభైకి నొనాంట్ అని సుబ్బరంగా చెప్పేస్తారు. బాస్క్ భాష ఏ కుటుంబానికీ చెందదు, అందులోనూ నలభై రెండిరవైలు, అరవై మూడిరవైలు. అందుకే ఇక్కడ జాగ్రత్త, లెక్క పద్ధతి కలిసినంత మాత్రాన మాటలు చుట్టాలు కావు. పద్ధతి పొరుగింటి నుంచి వంటలాగా నేర్చుకోవచ్చు. జర్మన్‌లో ఒకట్లు ముందు చెప్తారు, మూడూ-యాభై అంటే యాభైమూడు, నేను వచ్చిన కొత్తల్లో ఒక ఆఫీసులో 53వ గదికి రమ్మంటే 35వ గది ముందు ముప్పావుగంట కూర్చున్నా. నార్వేలో కూడా ఇలాగే ఉండేది, ఫోన్ నంబర్లు చెప్పడంలో తప్పులు పడుతున్నాయని 1951 నుంచి ప్రభుత్వమే తిరగేసింది, ఇరవై ముందు, రెండు తర్వాత. ముసలివాళ్ళు ఇప్పటికీ పాతదే అంటారట, ఇందులో ఆశ్చర్యం ఏముంది.

వెతికేటప్పుడు ఎక్కడ కాలు జారతామో కూడా చెప్పాలి. సొంత భాష మీద ప్రేమ ఎక్కువైతే ప్రతి మాటా మనింటిదే అనిపిస్తుంది. టర్కీలోనే 1936లో ఇస్తాంబుల్ దొల్మబాచె ప్యాలెస్‌లో జరిగిన భాషా మహాసభలో సూర్య భాషా సిద్ధాంతం అని పెద్ద ఎత్తున చెప్పారు, మొదటి మనిషి సూర్యుణ్ణి చూసి చేసిన శబ్దం నుంచి భాష పుట్టిందనీ, ప్రపంచ భాషలన్నిటికీ మూలం టర్కిష్ అనీ. అప్పటి టర్కీ అధ్యక్షుడు అతాతుర్క్ దగ్గరుండి ప్రోత్సహించాడు, 1938లో ఆయన పోయాక ఆ సిద్ధాంతమూ మెల్లగా మూలపడింది. బాబాయ్‌కి ఇది పంపిస్తే "వాళ్ళది తప్పు, మనది రైటు" అన్నాడు. ఇంక నేనేం మాట్లాడను.

టూల్స్ సంగతి. విక్షనరీలో దాదాపు ప్రతి భాష అంకెలకీ పేజీలున్నాయి, అందులో పాత రూపాలూ చుట్టాల లిస్టూ ఉంటాయి, కానీ లిస్ట్ కాపీ కొట్టడం కాకుండా మీరు పైన చెప్పినట్టు జతలు కట్టి చూడండి. ద్రావిడ మాటలకైతే బరో, ఎమెనో చేసిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు నెట్‌లో ఫ్రీగా వెతుక్కోవచ్చు. టర్కిష్ మాటలు టైప్ చేసేటప్పుడు చుక్క ఉన్న ఐ వేరు, చుక్క లేని ఐ వేరు, అల్తిలో చివరిది చుక్క లేనిది, అది తప్పు కొడితే ఏమీ దొరక్క నాలాగా అరగంట నెట్ కనెక్షన్‌ని తిట్టుకుంటారు.

చెయ్యి తిరగడానికి ఒక చిన్న హోంవర్క్. టర్కీ సైన్యంలో మూడు హోదాలున్నాయి: ఒన్‌బాషి, యూజ్‌బాషి, బిన్‌బాషి. బాష్ అంటే తల. మొదటి రెండూ పైన చదివిన అంకెలతోనే విప్పేయొచ్చు, మూడోదానికి బిన్ అంటే ఎంతో తెలియాలి. మంగోల్ భాషలో దాని జోడు మింగన్ దగ్గర మొదలుపెట్టి చూడండి. నేను సమాధానం అబీ దగ్గర సరిచూసుకున్నా, మిలిటరీలో నువ్వేంటి అబీ అంటే నవ్వి, "బిన్‌బాషికి టీ పెట్టేవాణ్ణి" అన్నాడు.